ఆకు చేసే పని రాయి చేయగలదా?

(ఉగాది సభలో, హూడిలో చేసిన ప్రసంగపాఠము)

 

ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణము, కవి సమ్మేళనము, పిల్లల పాటలు ఉండడం పరిపాటి. వాటి నడుమ మాంగనీసు అనే ఖనిజమును గురించి ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. కార్యదర్శిగారు మమ్ములను నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు మేము ఈ విషయమునే కోరి ఎన్నుకొన్నాము. కారణములు మూడు. ఒకటి, భారతదేశములో ఈ ఖనిజమును మొట్టమొదట తవ్వినది మన తెలుగునేలలోనే. రెండు, ప్రతి పచ్చని ఆకులోను ఇది ఇసుమంత ఉన్నది. ఆ ఇసుమంత లేకపోతే మనము పీల్చుకొనే ప్రాణవాయువు లేదు. మూడు, ఆకు చేసే ఆ పనిని ప్రయోగశాలలో చేయించడానికి మనము బ్రతుకుతెరువు వెతుక్కొని వచ్చిన ఈ బెంగుళూరులోనే గొప్ప కృషి జరిగినది. మన గడపకు కట్టిన మామిడి తోరణానికి, గరివిడి దగ్గరి గనికి, జక్కూరులోని ప్రయోగశాలకు ఉన్న చుట్టరికమును విప్పి చెప్పడమే మా ఉద్దేశము. మేము రైల్వేలో గుమాస్తా ఉద్యోగము చేసుకొనేవారము. చదువు పదవ తరగతితో ఆగినది. కనుక పండితులకు చెప్పినట్లు గాక, మాకు బోధపడిన తీరున, ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేటట్లు చెప్పడానికి ప్రయత్నిస్తాము.

ముందుగా మాంగనీసు ఊరూ పేరూ చెప్పుకొందాము. చెన్నై నుంచి హౌరా వెళ్ళే మార్గములో విజయనగరము దాటిన తరువాత నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి స్టేషన్లు వస్తాయి. మనలో ఆ వైపు వారు చాలామందే ఉన్నారు. ఆ చుట్టుపట్ల గర్భాం, కోడూరు మొదలైన చోట్ల మాంగనీసు గనులు తవ్వినారు. దేశములో ఈ ఖనిజము తవ్వకము 1892లో ఆనాటి విశాఖపట్టణము జిల్లాలోనే ప్రారంభమైనది. ఎల్.ఎల్. ఫెర్మరు అనే భూగర్భశాస్త్రవేత్త 1909లో భారతదేశపు మాంగనీసు నిక్షేపములను గురించి పెద్ద గ్రంథము వెలువరించినారు. ఆ ప్రాంతములో ఆయనకు కనబడిన ఒక విశేషమైన శిలకు కోడూరు పేరు మీదనే "కోడురైటు" అని నామకరణము చేసినారు. ఒక చిన్న పల్లెటూరి పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకు ఎక్కినదంటే అది మనకు గర్వకారణము కాదా!

విశాఖ రేవుకు కూడ ఈ రాయితో సంబంధము ఉన్నది. ఆనాటి మధ్యపరగణాలలో తవ్విన మాంగనీసును ఓడకెక్కించడమే ఆ రేవును కట్టడానికి ముఖ్య కారణములలో ఒకటి. రాయపూరు నుంచి విజయనగరము వరకు రైలుమార్గము 1931లో పూర్తి అయినది. రేవు 1933లో తెరిచినారు. ఇక ఇప్పుడు మనమున్న కర్ణాటకలో బళ్ళారి జిల్లా సండూరు కొండలలో కూడ మాంగనీసు సమృద్ధిగా ఉన్నది. వ్యాగన్లలో నల్లని రాయిగా కదిలిపోయే ఈ సరుకు చూడడానికి ఏ ఆకర్షణా లేనిది. చేతితో తాకితే మసి అంటుతుంది.

ఆ నల్లరాయి ఎక్కడికి పోతుంది? చాలా భాగము ఉక్కు కొలిమికే పోతుంది. రైలు పట్టా ఉక్కులో మాంగనీసు ఉంటుంది. ఒక పట్టా మరొక పట్టాను దాటే చోట, అంటే మేము క్రాసింగు అనే చోట, చక్రము దెబ్బ తరువాత దెబ్బ కొడుతుంది. అక్కడ వేసే ఉక్కులో నూటికి 12 నుంచి 14 పాళ్ళ వరకు మాంగనీసు కలుపుతారు. 1882లో ఇంగ్లండులో రాబర్టు హాడ్‌ఫీల్డు కనిపెట్టిన ఈ ఉక్కుకు ఒక చిత్రమైన గుణమున్నది. దెబ్బ తినే కొద్దీ పైభాగము గట్టిపడుతుంది. హూడి స్టేషను మీదుగా పోయే ప్రతి బండీ ఎక్కడో ఒకచోట ఈ ఖనిజము మీదుగానే దొర్లుతున్నది. మన ఇళ్ళలో టార్చిలైటు సెల్లు విప్పితే కనబడే నల్లని పొడిలో ఉన్నది కూడ మాంగనీసు డయాక్సైడే. ఆ విధముగా ఇది మనకు ఇనుప చుట్టము, దీపపు చుట్టము. ఇప్పుడు మూడవ చుట్టరికమునకు వస్తాము.

బడిలో చదువుకొన్న పాఠము ఒకటి జ్ఞాపకము చేసుకోండి. ప్రాణవాయువును తయారు చేయడానికి పొటాషియం క్లోరేటును గాజు గొట్టములో వేడి చేసేవారు. ఒట్టి క్లోరేటును వేడి చేస్తే చాలా మంట కావాలి. అందులో చిటికెడు మాంగనీసు డయాక్సైడు కలిపితే తక్కువ వేడికే వాయువు బుడగలు బుడగలుగా వస్తుంది. పని అయిన తరువాత చూస్తే ఆ నల్లపొడి వేసినంతా అట్లాగే ఉంటుంది. ఇటువంటి పదార్థమునే ఉత్ప్రేరకము అంటారు. మన పెళ్ళిళ్ళ పేరయ్యను తలచుకొంటే ఇది సులభముగా తెలుస్తుంది. ఆయన రెండు కుటుంబములను కలుపుతాడు, మాటలు నడుపుతాడు, ముహూర్తము కుదిరిన తరువాత గొడుగు చంకన పెట్టుకొని ఇంకొక సంబంధము వెతుక్కొంటూ పోతాడు. ఆయన లేకపోయినా పెళ్ళి ఎప్పటికో అవుతుందేమో గాని, ఆయన ఉంటే ఈ మాఘమాసములోనే అవుతుంది.

మాంగనీసుకు, ప్రాణవాయువుకు ఈ స్నేహము కొత్తది కాదు. స్వీడను దేశములో షీలే అనే మందుల దుకాణదారు ఈ నల్లరాయిని గంధకామ్లముతో వేడి చేసి ప్రాణవాయువును రాబట్టినాడు. ఈ రాయిలో కొత్త లోహము దాగి ఉన్నదని ఆయన 1774లో గుర్తించగా, అదే సంవత్సరము ఆయన మిత్రుడు గాన్ ఆ లోహమును వేరు చేసినాడు.

ఆకు సంగతి దీనికి సమాంతరముగా తెలియవచ్చినది. 1771లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ నుంచితే కొన్ని దినముల తరువాత ఆ గాలిలో మళ్ళీ కొవ్వొత్తి వెలిగినదని చూచినాడు. ఈ పని వెలుతురులోనే జరుగుతుందని, మొక్కలో పచ్చని భాగములే చేస్తాయని 1779లో ఇంగెన్‌హౌజ్ అనే వైద్యుడు తేల్చినాడు. కాని ఆ ప్రాణవాయువు ఎక్కడిది? ఆకు పీల్చే బొగ్గుపులుసు వాయువులోనిదా, వేరు తాగే నీటిలోనిదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకడానికి నూట అరవై సంవత్సరములు పట్టినది. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు, వారి సహచరులు, బరువైన ప్రాణవాయువు పరమాణువులు గల నీటిని ఒక పచ్చని నాచుకు ఇచ్చి చూచినారు. బయటికి వచ్చిన వాయువులో ఆ బరువే కనబడినది. అనగా మనము పీల్చే ప్రాణవాయువు నీటిని చీల్చగా వచ్చినదే.

చిరంజీవులారా, ఇక్కడ కొంచెము శ్రద్ధగా వినండి. నీటి అణువు మహా గట్టి కట్టు. నిప్పులు చిమ్మే కొలిమిలో కూడ అది సులభముగా విడిపోదు. ఆకు మాత్రము ఎండపొడలో, చల్లగా, చప్పుడు లేకుండా విడదీస్తున్నది. రెండు నీటి అణువుల నుంచి ఒక ప్రాణవాయువు అణువు రావాలంటే నాలుగు ఎలక్ట్రానులను ఊడదీయాలి. కాని వెలుతురు ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క ఎలక్ట్రానునే ఊడదీయగలదు. నాలుగు వాయిదాల బాకీని ఒక్కొక్క వాయిదాగా వసూలు చేసి, లెక్క పూర్తి అయిన తరువాతనే రసీదు ఇచ్చే గుమాస్తా వంటివాడు ఒకడు మధ్య ఉండాలి. 1969లో ఫ్రాన్సులో జోలియో, ఆయన సహచరులు చీకటిలో ఉంచిన పచ్చని పదార్థము మీద మెరుపు దెబ్బల వలె వెలుతురు వేసి, ప్రాణవాయువు నాలుగేసి దెబ్బలకు ఒకసారి ఎక్కువగా వస్తున్నదని చూపించినారు. ఆ మరుసటి సంవత్సరము బెస్సెల్ కాక్ దానికి నాలుగు మెట్ల లెక్క కట్టినాడు. ఆ లెక్క చూచే గుమాస్తా మరెవరో కాదు, మన మాంగనీసే.

దాని రూపము స్పష్టముగా తెలిసినది మాత్రము 2011లోనే. జపాను శాస్త్రవేత్తలు షెన్, కమియా, వారి సహచరులు ఎక్సు కిరణములతో పరిశీలించి చూపించినారు. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక సున్నపు లోహపు పరమాణువు, వాటిని కలుపుతూ అయిదు ప్రాణవాయువు పరమాణువులు, అన్నీ కలిసి వంకరగా కూర్చున్న కుర్చీ వంటి చిన్న గుంపు. మామిడాకులోను, వేపాకులోను, వరిపైరులోను, చెరువులోని నాచులోను ఇదే గుంపు. ప్రపంచములోని పచ్చదనమంతటికీ ఈ ఒక్కటే యంత్రము. మాంగనీసునే ప్రకృతి ఎందుకు ఎన్నుకొన్నది? ఈ లోహమునకు పట్టువిడుపులు ఎక్కువ. రెండు ఎలక్ట్రానులను వదులుకొని ఉండగలదు, మూడు వదులుకొని ఉండగలదు, నాలుగు వదులుకొని కూడ ఉండగలదు. ఇచ్చిపుచ్చుకొనే గుణమున్నవాడే మధ్యవర్తిత్వానికి తగినవాడు కదా.

ఆకు సరే, ఈ పనిని మనిషి ఎందుకు చేయాలి? నీటిని విడదీస్తే ప్రాణవాయువుతో పాటు ఉదజని వస్తుంది. ఉదజని మండితే పొగ లేదు, మసి లేదు. మళ్ళీ నీరే మిగులుతుంది. ఎండను నిలువచేసి ఉంచుకొనే కుండ వంటిది ఉదజని. 9 కిలోల నీటిలో 1 కిలో ఉదజని, 8 కిలోల ప్రాణవాయువు ఉన్నవి. కరెంటుతో విడదీయవచ్చును, కాని కిలో ఉదజనికి లెక్క ప్రకారమే 39 యూనిట్లకు పైగా కరెంటు కావాలి, ఆచరణలో 50 దాటుతుంది. ఆ నష్టములో పెద్ద భాగము ప్రాణవాయువు వైపు జరిగేదే. నాలుగు ఎలక్ట్రానుల లెక్క అక్కడే చిక్కుపడుతుంది. ఉత్ప్రేరకము ఎంత మంచిదైతే ఆ నష్టము అంత తగ్గుతుంది.

ఇప్పుడు ఒక రకపు యంత్రములలో ఇందుకు ఇరిడియం అనే లోహమును వాడుతున్నారు. అది పుల్లని నీటికి, కరెంటుకు తట్టుకొని నిలుస్తుంది. కాని ప్రపంచమంతా కలిసి సంవత్సరానికి తీసేది ఏడెనిమిది టన్నులు మాత్రమే. అందులో అధిక భాగము దక్షిణాఫ్రికా నుంచి వస్తుంది. ఒక రైలు వ్యాగనులో నాలుగు వంతులలో ఒక వంతు కూడ నిండదు. అదే మాంగనీసు ప్రపంచములో సంవత్సరానికి రెండు కోట్ల టన్నుల వరకు తీస్తున్నారు. బంగారము కన్న అరుదైన దానితో దేశములకు దేశములు నడిచే ఇంధనమును తయారు చేయడము సాధ్యమా? అందుకనే శాస్త్రజ్ఞులు ఆకు వైపు, దానిలోని మాంగనీసు వైపు తిరిగినారు.

2010లో అమెరికాలో రట్గర్సు విశ్వవిద్యాలయములో డిస్మూక్సు, ఆయన సహచరులు ఒక చక్కని ఉపాయము చేసినారు. బ్యాటరీలలో వాడే లిథియం-మాంగనీసు ఆక్సైడును తీసుకొని, ఆమ్లముతో కడిగి అందులోని లిథియమును తొలగించినారు. మిగిలిన మాంగనీసు ఆక్సైడులో, ఆకులోని గుంపును పోలిన నాలుగేసి మాంగనీసుల గుంపులు బయటపడినవి. కడగక ముందు చేయని పనిని కడిగిన తరువాత అది చేసినది. వెలుతురు సహాయముతో నీటి నుంచి ప్రాణవాయువును రాబట్టినది.

దానిని అందిపుచ్చుకొని ముందుకు తీసుకొనిపోయినవారు మన ఊరివారే. బెంగుళూరుకు ఉత్తరాన జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రము ఉన్నది. 1989లో స్థాపించినారు. దాని స్థాపకులైన ఆచార్య సి.ఎన్.ఆర్. రావుగారికి 2013 నవంబరులో భారతరత్న ప్రకటించినారు. అదే 2013లో ఊర్మిమాల మైత్రా, బి.ఎస్. నాయుడు, ఎ. గోవిందరాజు, సి.ఎన్.ఆర్. రావుగార్లు కలిసి అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో ఒక పరిశోధన ప్రకటించినారు. వారు వేసుకొన్న ప్రశ్న సూటిగా ఉన్నది. మాంగనీసు ఆక్సైడులు ఎన్నో రకములు ఉన్నవి కదా. వెలుతురులో నీటి నుంచి ప్రాణవాయువును తీయడానికి వీటిలో ఏది మంచిది, ఎందుకు మంచిది?

వారి ప్రయోగము ఇట్లా సాగుతుంది. నీటిలో ఆక్సైడు పొడిని వేస్తారు. వెలుతురును పట్టుకోవడానికి రుథేనియం లోహముతో చేసిన నారింజ రంగు ద్రవ్యము ఒకటి కలుపుతారు. అది ఆకులో పత్రహరితము చేసే పనిని చేస్తుంది. వెలుతురు తగలగానే ఆ రంగు ఒక ఎలక్ట్రానును వదులుకొంటుంది. ఆ ఎలక్ట్రానును మింగడానికి పర్‌సల్ఫేటు అనే లవణము ఉంచుతారు. ఎలక్ట్రాను పోగొట్టుకొన్న రంగు ఆకలిగొన్నదై మాంగనీసు నుంచి ఒక ఎలక్ట్రాను లాక్కొంటుంది. మాంగనీసు తన కొరతను నీటి నుంచి తీర్చుకొంటుంది. నాలుగు విడతలు ఇట్లా జరిగితే ఒక ప్రాణవాయువు అణువు బయటికి వస్తుంది. చేయి చేయి అందించుకొంటూ బావి నుంచి నీళ్ళు తెచ్చినట్లు.

వారు తేల్చినది ఏమిటంటే, మూడు ఎలక్ట్రానులను వదులుకొన్న స్థితిలో ఉండే మాంగనీసే ఇందుకు సమర్థమైనదని. దాని ఆక్సైడులో ప్రతి మాంగనీసు చుట్టూ ఆరు ప్రాణవాయువు పరమాణువులు కొలువు తీరి ఉంటాయి. ఆ మాంగనీసు పైపొరలో నాలుగు ఎలక్ట్రానులు ఉంటాయి. మూడు, పొరుగువారికి ఎదురు పడకుండా సందులలో ఒద్దికగా సర్దుకొంటాయి. నాలుగవది మాత్రము పొరుగువారికి ఎదురుగా కూర్చోవలసి వస్తుంది. దాని వలన కొన్ని బంధములు సాగి వదులు అవుతాయి. మరీ బిగువైతే వచ్చిన నీరు విడిపోదు. మరీ వదులైతే నీరు అంటుకోనే అంటుకోదు. ఆ ఒంటరి ఎలక్ట్రాను వలన నడిమి మార్గము ఏర్పడుతున్నది. కోబాల్టు ఆక్సైడులలో కూడ అటువంటి ఒంటరి ఎలక్ట్రాను ఉన్నవే బాగా పనిచేసినవని వారు చూపించినారు. అదే సంవత్సరము అమెరికాలో రట్గర్సువారు వేరుగా పరిశోధించి, మాంగనీసు ఆక్సైడుల విషయములో ఇదే నిర్ణయమునకు వచ్చినారు. రెండు చోట్ల రెండు తక్కెడలలో తూచితే ఒకే తూకము వచ్చినట్లు అయినది.

ఇక లెక్క చూతాము. లెక్కలు లేని పొగడ్త మా వృత్తికి సరిపడదు. జక్కూరు వారి కొలత ప్రకారము మంచి మాంగనీసు ఆక్సైడులో ఒక్కొక్క మాంగనీసు పరమాణువు లెక్కన ఒక ప్రాణవాయువు అణువు రావడానికి 2000 సెకనులు, అంటే 33 నిమిషములకు పైగా పట్టినది. మెగ్నీషియం కలిసిన రకమునకు దాదాపు మూడున్నర గంటలు. లాంథనం, కోబాల్టు కలిసిన ఆక్సైడు అన్నిటికన్న మెరుగు. దానికి 12 నిమిషములు. ఆకులోని గుంపో, సెకనుకు నూటికి పైగా అణువులను విడుదల చేయగలదు. మనది అరగంటకు ఒక ప్యాసింజరు బండి. ఆకుది లెక్కకు అందని మెయిలు బండి. ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడము లేదు. దారి ఎంత ఉన్నదో తెలిసినవాడే చేరగలడని చెప్పుతున్నాము.

దూరము ఇంకొక విధముగా కూడ ఉన్నది. ఆ ప్రయోగములో రంగు రుథేనియముది. అది ఖరీదైన లోహము. ఎలక్ట్రానులను మింగే లవణము ఖర్చయిపోతుంది. ఉదజని వైపు పని అందులో జరగదు. అది ప్రాణవాయువు వైపు సగము మాత్రమే. రెండు సగములను అతికి, కేవలము ఎండ, నీరు, చవుక పొడులతో, సంవత్సరముల తరబడి నడిచే యంత్రమును తయారు చేయడము ఇంకా మిగిలి ఉన్న పని.

నిలకడ మాటకు వస్తే ఆకు రహస్యము వేరు. ఎండ తీవ్రముగా ఉన్నప్పుడు ఆకులోని ఆ మాంగనీసు గుంపును మోసే ఒక ముఖ్యమైన మాంసకృత్తు అరగంటకే చెడిపోతుంది. ఆకు దానిని తీసివేసి కొత్తది అమర్చుకొంటుంది. పట్టాల వెంట తిరిగి సడలిన బోల్టు బిగించి, అరిగినది మార్చే గ్యాంగు వారు లేకపోతే ఏ లైను ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆకులో రాత్రింబవళ్ళు అటువంటి గ్యాంగు ఉన్నది. రాతిపొడికి అది లేదు. కనుక రాతిపొడి తనంతట తానే గట్టిగా ఉండాలి. ఈ విషయములో ఒక మంచి వార్త ఉన్నది. జపానులో రికెన్ సంస్థవారు 2019లో, కరెంటు ఒత్తిడిని ఒక హద్దులో ఉంచితే పుల్లని నీటిలో కూడ మాంగనీసు ఆక్సైడు 8000 గంటలు పనిచేసినదని ప్రకటించినారు. అంటే పదకొండు మాసములు. ఇరిడియము లేకుండా ఈ మాట చెప్పగలగడము సామాన్యము కాదు.

మన దేశము కూడ ఈ దారిలో అడుగు పెట్టినది. 2030 నాటికి సంవత్సరానికి 50 లక్షల టన్నుల హరిత ఉదజని తయారు చేసే శక్తిని సమకూర్చాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకమును ఆమోదించినది. రైల్వేలో హర్యానాలోని జింద్-సోనీపత్ మార్గమునకు ఉదజని బండిని సంకల్పించినారు. చెన్నై పెరంబూరులోని కోచి కర్మాగారములో 2025లో దాని పెట్టెను పరీక్షించినారు. ఇంత పథకమునకు కావలసిన ఉత్ప్రేరకమును పరదేశములో కొనవలెనా, మన గరివిడి, సండూరు రాళ్ళ నుంచి తీయవచ్చునా అనేది సామాన్యమైన ప్రశ్న కాదు.

ఇక్కడ రెండు మాటలు స్పష్టముగా చెప్పవలసి ఉన్నది. మొదటిది గనిని గురించి. నూటముప్పయి సంవత్సరములకు పైగా మన మాంగనీసు రాయిగానే పోయినది. టన్నుల లెక్కన పోయినది. చాలా భాగము ఉక్కులో కలిసినది. రాయి ఉన్నంత మాత్రాన ఉత్ప్రేరకము ఉన్నట్లు కాదు. ఆ రాయిని శుద్ధి చేసి, సరియైన స్థితిలో, సరియైన అమరికలో పొడి చేయగల చదువు కావాలి. ఇనుము ఉన్న ప్రతి ఊరిలోను గడియారములు తయారు కావు. తవ్వేవాడికి దక్కినది కూలి. కొన్నిచోట్ల జబ్బు కూడ దక్కినది. మాంగనీసు ధూళి ఏళ్ళ తరబడి పీల్చినవారికి నరములు దెబ్బతిని, నడక తడబడి, ముఖము బిగుసుకొనే వ్యాధి వస్తుందని 1837లోనే స్కాట్లండులో కూపరు అనే వైద్యుడు వ్రాసినాడు. ఆకులో ఇసుమంత ఉండి ప్రాణము పోసే వస్తువే, ఊపిరితిత్తులలో దుమ్మై చేరితే ప్రాణము తీస్తుంది. రేపు ఈ పొడికి గిరాకీ పెరిగితే, మూతికి గుడ్డ, గనిలో నీటి చిలకరింపు, కూలివానికి వైద్యపరీక్ష అనేవి ముందు రావాలి. స్వచ్ఛమైన ఇంధనము కూలివాని రొమ్ము మీదుగా రాకూడదు.

రెండవది మోసములను గురించి. నీటితో నడిచే మోటారు, నీరు పోస్తే వెలిగే పొయ్యి అంటూ అప్పుడప్పుడు ఎవరో ఒకరు కాలనీలలో తిరిగి డబ్బు అడుగుతూ ఉంటారు. నీరు ఇంధనము కాదు. మండిపోయిన ఉదజని బూడిదే నీరు. దానిని మళ్ళీ ఉదజనిగా మార్చడానికి ఎండో కరెంటో బయటి నుంచి పెట్టవలసినదే. ఎంత మంచి ఉత్ప్రేరకమైనా నష్టమును తగ్గించగలదు గాని, లేని శక్తిని పుట్టించలేదు. పేరయ్య ఎంత మాటకారి అయినా పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళి చేయలేడు. "ఇందులో శక్తి ఎక్కడి నుంచి వస్తున్నదయ్యా?" అని ఒక్క ప్రశ్న వేయండి. దానికి సూటి జవాబు రాకపోతే చేతిసంచి ముడి విప్పవద్దు. నెల జీతముతో ఇద్దరు పిల్లలను చదివించుకొనే ఇంటిలో ఆ ప్రశ్న విలువ వేల రూపాయలు.

నీటి సంగతి కూడ మరువరాదు. ఈ ఊళ్ళో 2024 వేసవిలో ట్యాంకరు కోసము పడిన పాట్లు ఎవరికి తెలియవు! కిలో ఉదజనికి 9 కిలోల నీరు తప్పదు. కనుక బోరు ఎండిపోయిన చోట ఈ యంత్రము పెట్టి ప్రయోజనము లేదు. మురుగును శుద్ధి చేసిన నీటితోనో, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చియో నడపవలసి ఉంటుంది. హూడి చెరువును, వర్తూరు చెరువును బాగుచేసుకోవడము, ఉన్న చెట్టును కొట్టకుండా నిలుపుకోవడము ఏ పరిశోధనకూ ఆగవలసిన పని కాదు. చెట్టు దగ్గర ఆ యంత్రము ఇప్పటికే ఉన్నది, ఉచితముగా నడుస్తున్నది.

తల్లిదండ్రులకు చివరగా ఒక మనవి. ఈ ప్రాంతములో కంప్యూటరు ఉద్యోగములు ఎక్కువ. అందువలన పిల్లలను అందరినీ ఆ దారికే నెట్టుతున్నాము. అది తప్పని మేము అనము. కాని రసాయనశాస్త్రము మీద ఇష్టమున్న బిడ్డ ఉంటే, "అందులో ఏముంది, జీతము రాదు" అని ఆ ఇష్టమును తుంచవద్దు. అరగంటకు ఒక అణువు అనే లెక్కను అర సెకనుకు ఒకటిగా మార్చగలవారు ఎక్కడో పుట్టవలసి ఉన్నది కదా. గరివిడి మట్టి మీద పుట్టి, హూడి బడిలో చదివి, జక్కూరు ప్రయోగశాలకు పోయిన ఒక తెలుగు పిల్ల ఆ పని చేయరాదా? అమ్మాయిలను ప్రత్యేకించి అంటున్నాము. జక్కూరు పరిశోధనలో మొదటి పేరు ఒక స్త్రీదేనని జ్ఞాపకము పెట్టుకోండి.

మనము ఊరు విడిచి వచ్చినవారము. మన రాయి కూడ ఊరు విడిచి పోయినదే. రాయి పోయిన చోట ఉక్కై నిలిచినది. మనము వచ్చిన చోట పనిమంతులమై నిలిచినాము. ఇకమీదట రాయితో పాటు విద్య కూడ మన చేతిలో ఉండాలని మా ఆకాంక్ష. ఈ కొత్త సంవత్సరము మీ ఇళ్ళలో ఆరోగ్యమును, పిల్లలకు విద్యను, చెరువులకు నీటిని, చెట్లకు చిగురును సమృద్ధిగా ప్రసాదించుగాక.